ప్రోటీన్ బార్ కొనే ముందు.. మన సుబ్బారావు గారి లెక్క తెలుసుకోండి!

బోనకల్‌లోనైనా, మధిరలోనైనా తెల్లవారుజామున 5 గంటలకే రోడ్డెక్కి పరుగులు తీసే కుర్రాళ్లు, అమ్మాయిలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. వాళ్లలో మీరూ ఒకరు కావచ్చు. కానిస్టేబుల్ ఈవెంట్సో, ఆర్మీ సెలక్షనో, లేదంటే డిగ్రీ అయ్యేలోపు పెరిగిన పొట్టను తగ్గించుకోవడమో.. కారణం ఏదైనా, పరుగు అయ్యాక వచ్చే ప్రశ్న ఒక్కటే. ఇప్పుడేం తినాలి?

ఇంట్లో అమ్మ ఇడ్లీ పెడుతుంది. ఫోన్‌లో రీల్ ప్రోటీన్ బార్ చూపిస్తుంది. ఖమ్మం వెళ్లినప్పుడు సూపర్‌మార్కెట్‌లో ఆ బార్ చేతిలోకి తీసుకుంటే ముందువైపు పెద్ద అక్షరాల్లో 20 గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో 240 కేలరీలు అని ఉంటుంది. ఏది నమ్మాలి? కొనాలా, పెట్టేయాలా? ఆ అల్మరాలోనే పైన క్రియాటిన్ డబ్బా. అదెందుకో సగం మందికి తెలియదు. జిమ్‌లో పక్కవాడు వాడుతున్నాడు కాబట్టి మనమూ వాడదామనుకుంటాం.

ఆ డబ్బాకూ మన తెలుగు నేలకూ ఒక చుట్టరికం ఉంది. మనం తిన్న తిండి కండరంలో శక్తిగా ఎలా ఖర్చవుతుందన్న లెక్కను తిరగరాసినవాళ్లలో ఒకరు భీమవరంలో పుట్టారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. స్కూల్లో జీకే బిట్‌గా చదివి వదిలేసిన పేరే. కానీ ఆయన జీవితం తెలిస్తే బార్ రేపర్‌ను చదివే తీరే మారిపోతుంది. కెరీర్ గురించి ఆలోచించే తీరు కూడా కొంత మారొచ్చు.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. తండ్రి అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది.

చిన్నప్పుడు చదువు మీద పెద్దగా మనసు ఉండేది కాదు. 13 ఏళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరారు. అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ప్లాన్. ఇప్పటి భాషలో చెప్పాలంటే మొదటి స్టార్టప్ అన్నమాట! తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్ తప్పారు. మళ్లీ రాసి మళ్లీ తప్పారు. చివరికి మద్రాసు ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూల్ నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కారు.

ఇంటర్మీడియట్ ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. ఆ రోజుల్లో మనసు సన్యాసం వైపు లాగింది. రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సన్యాసం కాకపోతే వైద్యం నేర్చుకుని జనానికి సేవ చేయొచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజుకు స్నేహితులు సాయం చేశారు, తర్వాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. ఆయన కూతురు శేషగిరితోనే 1919లో సుబ్బారావు పెళ్లి జరిగింది.

ఖద్దరు గౌను తెచ్చిన తంటా

అవి గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కు ఖద్దరు గౌను వేసుకుని వెళ్లడం మొదలుపెట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది అస్సలు నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావు చేతికి పూర్తి ఎంబీబీఎస్ పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చారు. ప్రభుత్వ వైద్య ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే అదీ దక్కలేదు.

బ్యాక్‌లాగ్‌లున్నాయనో, కాలేజీకి పేరు లేదనో, మొదటి ఆఫర్ రాలేదనో దిగులు పడుతున్నారా? ఈ మెట్టు దగ్గర ఆయన పరిస్థితి మీకంటే గొప్పగా ఏమీ లేదు. దొరికిన పని పట్టుకున్నారు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు. ఇంగ్లిష్ వైద్యం చదివినవాడు ఆయుర్వేద కాలేజీలో ఏంటని ముఖం చిట్లించలేదు. అక్కడి మందులనూ ఆసక్తిగా గమనించారు.

ఇద్దరు సోదరులు.. ఒకే జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం పట్టాలూ ఉద్యోగాలూ కాదు, ఇంట్లో చావులు. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి తక్కువ వ్యవధిలోనే చనిపోయారు. ఇద్దరినీ తీసుకుపోయింది స్ప్రూ అనే జబ్బు. అప్పట్లో ఉష్ణమండల దేశాల్లో ఇది ఎక్కువ. ఆగని విరేచనాలు, నోటిపూత, రక్తహీనత.. మనిషి రోజురోజుకీ ఎండిపోతాడు.

ఈ జబ్బులో అసలు సమస్య తిండి లేకపోవడం కాదు. తిన్నది పేగుల్లోంచి ఒంటికి పట్టకపోవడం. కంచంలో అన్నీ ఉన్నా శరీరానికి అందవు. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి. బార్ దగ్గరికి వచ్చినప్పుడు మనకు పనికొస్తుంది. నోట్లోకి వెళ్లిందంతా కండరానికి చేరినట్టు కాదు.

స్ప్రూకు అప్పట్లో మందు లేదు. దాన్ని వెతకాలంటే పెద్ద ల్యాబ్ కావాలి, పరిశోధన నేర్చుకోవాలి. అందుకే ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం హార్వర్డ్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నారు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయంతో 1920ల మొదట్లో ఓడ ఎక్కారు. అప్పటికి భార్య గర్భవతి.

రాత్రి వార్డులో.. పగలు క్లాసులో

బోస్టన్‌లో దిగేటప్పటికి చేతిలో డబ్బు పెద్దగా లేదు. స్కాలర్‌షిప్ లేదు. చేతిలో ఉన్న ఎల్‌ఎంఎస్‌తో అక్కడ డాక్టరుగా పనిచేసే వీల్లేదు. రిచర్డ్ స్ట్రాంగ్ అనే ప్రొఫెసర్ మొదట్లో కొంత ఆదుకున్నారు. ఆ తర్వాత పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టర్‌గా చేరారు. రోగుల బెడ్‌ప్యాన్లు తీయడం, శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. రాత్రంతా అదీ, తెల్లారితే క్లాసు. అలాగే ట్రాపికల్ మెడిసిన్‌లో డిప్లొమా పూర్తి చేశారు.

ఆ తర్వాత హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. మీరు ఊహించినట్టు మొదటి రోజే స్ప్రూకు మందు కనిపెట్టే పని ఇవ్వలేదు. ఇచ్చింది చాలా చప్పటి పని. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి ఒక మంచి పద్ధతి తయారుచేయడం. అంతే.

తేడా కొట్టిన రీడింగ్

ఫిస్క్, సుబ్బారావు కలిసి తయారుచేసిన ఆ పద్ధతి 1925లో అచ్చయింది. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం జతచేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆ రంగును బట్టి లెక్క కడతారు. తేలిక, చవక, కచ్చితం. దాన్ని ఫిస్క్-సుబ్బారావు మెథడ్ అంటారు. మీలో బయోకెమిస్ట్రీ, ఫార్మసీ చదివేవాళ్లు ఈ పేరు ల్యాబ్ రికార్డులో రాసే ఉంటారు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. కండరం నుంచి తీసిన నమూనాకు ఇదే పరీక్ష చేస్తే రంగు మామూలుగా రావడం లేదు. వెంటనే రావాల్సిన నీలం మెల్లమెల్లగా, ఆలస్యంగా చిక్కబడుతోంది. కోడింగ్ చేసే మిత్రులకు ఇలా చెప్తే అర్థమవుతుంది.. ప్రోగ్రాం క్రాష్ కాలేదు, కానీ లాగ్‌లో ఒక వార్నింగ్ పదే పదే కనిపిస్తోంది. చాలామంది ఏం చేస్తారు? వదిలేసి ముందుకెళ్తారు. రసాయనం పాడైందనో, చెయ్యి తప్పిందనో సర్దుకుంటారు.

ఈ ఇద్దరూ వదల్లేదు. రంగు ఆలస్యంగా వస్తోందంటే కండరంలో ఫాస్ఫేట్‌ను గట్టిగా పట్టుకోలేని పదార్థం ఏదో ఉంది, పరీక్షలోని యాసిడ్‌కు అది విడిపోతూ ఫాస్ఫేట్‌ను కొంచెం కొంచెంగా వదులుతోందని గ్రహించారు. దాని వెంట పడితే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. క్రియాటిన్‌కు ఫాస్ఫేట్ అతుక్కున్న రూపం అది. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పెరుగుతుంది. 1927లో ఈ సంగతి ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులూ ఇదే పదార్థం జాడ పట్టారు. రెండేళ్లకు, 1929లో, ఫిస్క్-సుబ్బారావు జంట ఏటీపీని బయటపెట్టింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు.

దీని విలువ తెలియాలంటే అప్పటి పరిస్థితి చూడాలి. కండరం లాక్టిక్ యాసిడ్ వల్లే కదులుతుందన్నది ఆ రోజుల్లో గట్టి నమ్మకం. కండరాల మీద చేసిన పనికి హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. కానీ లాక్టిక్ యాసిడ్ తయారుకాకుండా ఆపినా కండరం కొంతసేపు పనిచేస్తుందని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ చూపించారు. పాత లెక్క మారిపోయింది. సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

జేబులో చిల్లర, బ్యాంకులో ఎఫ్‌డీ

ఇప్పుడు ఇదంతా మీ పరుగుకు ఎలా పనికొస్తుందో చూద్దాం. కేలరీ అంటే తిండిలో ఉన్న మొత్తం శక్తి. ప్రోటీన్ గ్రాముకు 4, పిండిపదార్థం గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 అనే లెక్క 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ అట్వాటర్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఇప్పటికీ రేపర్ మీద కనిపించే అంకెకు ఆధారం అదే.

అది మొత్తం బ్యాలెన్స్ మాత్రమే. ఖర్చు పెట్టే తీరు వేరు. ఒంట్లో పేరుకున్న కొవ్వు బ్యాంకులో ఎఫ్‌డీ లాంటిది. బోలెడంత ఉంటుంది, కానీ వెంటనే చేతికి రాదు. కండరంలో, కాలేయంలో ఉన్న గ్లైకోజెన్ సేవింగ్స్ ఖాతా. ఏటీపీ జేబులో చిల్లర. కండరం తీసుకునేది ఆ చిల్లరనే. కానీ జేబులో ఉండేది కాస్తంతే, కొన్ని సెకన్లలో అయిపోతుంది. అప్పుడు గబుక్కున చిల్లర ఇచ్చే పక్క కొట్టతను ఫాస్ఫోక్రియాటిన్. అతని దగ్గర ఉన్నదీ పూర్తి బలంతో చేసే పనికి సుమారు 10 సెకన్లకే సరిపోతుంది.

మీ ఈవెంట్స్‌కు దీన్ని అన్వయించండి. షాట్‌పుట్, లాంగ్‌జంప్ కొన్ని సెకన్ల పని. అక్కడ ఫాస్ఫోక్రియాటిన్ పాత్ర పెద్దది. 1600 మీటర్ల పరుగు నిమిషాల పని. అక్కడ మీ ఊపిరి, గుండె, రోజూ చేసిన సాధన ముఖ్యం. క్రియాటిన్ తింటే 1600 మీటర్ల టైమింగ్ దానంతట అదే తగ్గిపోతుందనుకుంటే నిరాశ తప్పదు. పైగా క్రియాటిన్ వాడేవాళ్లలో మొదట్లో ఒంట్లో నీరు నిలిచి బరువు కాస్త పెరగొచ్చు. బరువు తగ్గాలని చూసేవాళ్లు అది కొవ్వనుకుని కంగారు పడుతుంటారు. మన శరీరం సొంతంగానూ క్రియాటిన్ తయారుచేసుకుంటుంది, మాంసం, చేపల నుంచీ వస్తుంది.

హార్వర్డ్ కాదంది.. కంపెనీ రమ్మంది

ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత స్థానం దొరకలేదు. ఏళ్ల తరబడి కింది స్థాయి పదవుల్లోనే ఉన్నారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కు మారారు. కొద్దికాలానికే అక్కడ పరిశోధన మొత్తానికి అధిపతి అయ్యారు. యూనివర్సిటీ వదిలి మందుల కంపెనీకి వెళ్లడం అప్పట్లో చాలామంది దృష్టిలో మెట్టు దిగడమే. ఆయన చూసుకున్నది తన ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుందన్నదే.

ఆ ప్రశ్న ఇంట్లో చావులతో మొదలైందే. రక్తహీనతకు, స్ప్రూకు తిండిలో ఏ పదార్థం కొరవడుతోంది? దీనికి ఒక ఆధారం అంతకుముందే మన దేశంలోనే దొరికింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని చూపించారు. ఆ సారంలోని అసలు పదార్థం ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. పాలకూర ఆకుల నుంచి వేరుచేసినప్పుడు ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి దానికి ఆ పేరు పెట్టారు. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసే దారిని సుబ్బారావు నడిపించిన లెడర్లీ బృందం 1945లో ప్రకటించింది. స్ప్రూ రోగుల్లో అది గుణం చూపింది. సోదరులు పోయిన పాతికేళ్ల తర్వాత ఆ జబ్బుకు మందు దొరికింది.

మన ఊళ్లో ఆశా కార్యకర్త గర్భిణులకు ఇచ్చే ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్ర చూశారు కదా? దాని వెనుక ఈ కథ ఉంది. ఆయన బృందం పని అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే రసాయనాలనూ తయారుచేశారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా తగ్గించగలిగారు. ఆ ఫలితాలు 1948లో వచ్చాయి. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. బోదకాలు నివారణకు ఊరూరా పంచే డీఈసీ మాత్ర లెడర్లీలో హెట్రజాన్ పేరుతో మొదలైంది. టెట్రాసైక్లిన్ రకం యాంటిబయాటిక్స్‌లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను అక్కడే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్నారు.

తిరిగి ఇల్లు చేరలేదు

ఇక్కడితో ఆపేస్తే ఇది మరో విజయగాథ అయిపోతుంది. కానీ ఇంకోవైపు కూడా చూడాలి. ఆయన ఓడ ఎక్కాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. కొన్నేళ్లలో తిరిగొద్దామనుకున్న మనిషి మళ్లీ స్వదేశం రాలేదు. శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. ఆయన అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు. స్వతంత్ర భారతదేశానికి ఏడాది కూడా నిండలేదు.

ఆయనకు నోబెల్ రాలేదు. శతజయంతి ఏడాది 1995లో మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పెట్టారు. పని కోసం అన్నీ వదిలేయడం గొప్పదనమని మీకు ఎవరైనా చెబితే, ఎదురుచూసిన ఆ ఇల్లాలిని కూడా లెక్కలో వేసుకోండి. హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో ఉద్యోగం చేస్తూ ఇంటికి ఫోన్ చేయడం రేపటికి వాయిదా వేసేవాళ్లకు ఈ మాట మరీ అవసరం. ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఒంటరితనం కాదు, కొలిచే అలవాటు.

ఇప్పుడు బార్ తీయండి

సుబ్బారావు పద్ధతి ఏంటి? ముందు సరైన కొలబద్ద తయారుచేసుకోవడం. తర్వాత కొలవడం. లెక్క తేడా కొడితే దాని వెంట పడటం. రేపర్ విషయంలోనూ అదే చేద్దాం. మన కొలబద్ద ఇది: ప్రతి 100 కేలరీలకు ఎన్ని గ్రాముల ప్రోటీన్ వస్తోంది?

ఒక 60 గ్రాముల బార్‌లో 20 గ్రాముల ప్రోటీన్, 240 కేలరీలు ఉన్నాయనుకోండి. అంటే 100 కేలరీలకు 8 గ్రాముల పైమాటే. మంచి లెక్క. ఇంకో బార్‌లో 10 గ్రాముల ప్రోటీన్, 220 కేలరీలు. 100 కేలరీలకు 4.5 గ్రాములే. పేరు ప్రోటీన్ బార్, పని మాత్రం చాక్లెట్‌ది. మరి మన కిరాణా కొట్టు సరుకు సంగతేంటి? ఉడికించిన కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్, 70కి పైగా కేలరీలు. ఖరీదైన బార్‌తో సమానం. పుట్నాల్లో 100 కేలరీలకు 5 గ్రాముల పైన. పల్లీల్లో సుమారు 4.5 గ్రాములు. పల్లీపట్టీలో సగం పల్లీ, సగం బెల్లం అనుకుంటే 3 గ్రాములు కూడా రావు. పల్లీపట్టీ చెడ్డదని కాదు. పరుగు ముందు శక్తికి అది చక్కగా పనికొస్తుంది. దాన్ని ప్రోటీన్ ఖాతాలో రాసుకోవద్దంతే.

అసలు మీకు ఎంత కావాలి? మామూలుగా ఉండే పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క ఇచ్చింది. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుంటే అందులో 20 గ్రాముల దాకా వస్తుంది. 40 గ్రాముల కందిపప్పుతో 9, రెండు గుడ్లతో 12, ఒక పెద్ద కప్పు పెరుగుతో 6. కలిపితే 47. అంటే ఇంటి భోజనంతోనే లక్ష్యానికి దగ్గర్లో ఉన్నారు. రోజూ గట్టిగా సాధన చేసేవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా కావాల్సి రావొచ్చు. ఆ లోటు పూడ్చడానికి బార్ ఒక దారి. ఇంకో రెండు గుడ్లు, కాస్త చికెన్, గుప్పెడు సోయా మీల్‌మేకర్ మరో దారి.

కొనేటప్పుడు ఇవి చూసుకోండి:

• అంకెలు 100 గ్రాములకా, ఒక బార్‌కా? రెండు కాలమ్‌లూ ఉంటాయి. కలిపి చదివితే లెక్క తప్పుతుంది.

• 4, 4, 9 లెక్కతో మీరే ఒకసారి కూడి చూడండి. రేపర్ మీది కేలరీలతో బాగా తేడా ఉంటే పీచు, మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు కలిశాయేమో వెతకండి. వాటికి కేలరీలు తక్కువ లెక్కిస్తారు. మాల్టిటాల్ ఎక్కువైతే కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. ఈవెంట్ రోజు కొత్త బార్ ప్రయత్నించొద్దు.

• పదార్థాల జాబితాలో ఎక్కువ మోతాదుది ముందు ఉంటుంది. మొదటి పేరు గ్లూకోజ్ సిరపో, చక్కెరో అయితే అర్థమైపోయినట్టే.

• ప్రోటీన్ దేన్నుంచి? పాలు, సోయా అయితే మంచిది. జెలటిన్, కొల్లాజెన్‌తో అంకె పెంచితే కండరానికి అంత ఉపయోగం ఉండదు.

• బార్ భోజనానికి అదనంగా తింటే బరువు పెరుగుతుంది. సాయంత్రం టీతో తినే బిస్కెట్లకో, మిర్చి బజ్జీకో బదులుగా తినండి. బస్సు ప్రయాణంలోనో, కోచింగ్ క్లాసుల మధ్యనో వండుకునే వీల్లేనప్పుడు అది నిజంగా అక్కరకొస్తుంది.

• తింటే ఇష్టంగా తినండి. ఫోన్ పక్కన పెట్టి, సగం ఇప్పుడు, సగం గంటాగి తింటే రుచీ తెలుస్తుంది, ఇంకోటి విప్పాలనీ అనిపించదు.

• బార్‌లో ప్రోటీన్ ఉంటే అన్నీ ఉన్నట్టు కాదు. ఫోలిక్ యాసిడ్ కావాలంటే ఆకుకూరలు, పప్పులు కంచంలో ఉండాల్సిందే. తోటకూర పప్పుకు బదులు బార్ కాదు.

• కిడ్నీ సమస్యలున్నా, వేరే మందులు వాడుతున్నా క్రియాటిన్, ప్రోటీన్ పౌడర్ల జోలికి వెళ్లే ముందు డాక్టర్‌ను అడగండి.

చివరిగా ఒక పని చేయండి. ఒక వారం పాటు మీరు తిన్నదంతా నోట్‌బుక్‌లో రాయండి, పక్కనే ప్రోటీన్, కేలరీలు, ఆ రోజు పరుగు టైమింగ్ రాయండి. ఎక్కడైనా లెక్క తేడా కొడితే ఆ పేజీ చింపేయకండి. బాగా తిన్న మర్నాడు టైమింగ్ ఎందుకు పడిపోయింది? బార్ మానేసిన వారంలో బరువెందుకు తగ్గలేదు? మీ శరీరం గురించి తెలుసుకోవాల్సిన సంగతి ఆ పేజీలోనే దొరకొచ్చు.